వేప కాదు, వేప్

ఒక తల్లి బట్టలు ఉతుకుతోంది. పెద్దకొడుకు ప్యాంటు చేతికి వచ్చింది. జేబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూసింది. వేలెడంత ఉంది. నున్నగా, రంగురంగులుగా ఉంది. ఒక చివర చిన్న రంధ్రం ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మామిడిపండు వాసన వచ్చింది.

"ఏమిట్రా ఇది?" అని అడిగింది.

"పెన్‌డ్రైవ్ అమ్మా. కాలేజీ పని కోసం" అన్నాడు కొడుకు. గబుక్కున లాక్కుని లోపలికి పోయాడు.

తల్లికి అనుమానం రాలేదు. వాళ్లాయన బీడీ తాగుతాడు. ఆయన సందు మొదట్లో ఉండగానే బీడీ వాసన ఇంట్లోకి వస్తుంది. కొడుకు దగ్గర అలాంటి వాసన ఏనాడూ రాలేదు. "నా బిడ్డకు ఏ అలవాటూ లేదు" అని ఆమె పదిమందిలో గర్వంగా చెప్పుకుంటుంది.

ఆ తల్లి ఏ ఊళ్లోనైనా ఉండవచ్చు. ఈ పాఠం చదివే అక్కచెల్లెళ్లలో ఎవరైనా కావచ్చు. ఆమె చేతికి దొరికింది పెన్‌డ్రైవ్ కాదు. దాన్ని వేప్ అంటారు. ఈ-సిగరెట్ అని కూడా అంటారు.

పేరు వింటే వేపచెట్టు గుర్తొస్తుంది. కానీ రెండింటికీ చుట్టరికం లేదు. వేప నాలుకకు చేదు, ఒంటికి మంచిది. ఈ వేప్ నాలుకకు తీపి, ఒంటికి చేటు.

వేప్ లోపల ఏముంటుంది?

వేప్‌లో నిప్పు ఉండదు. బూడిద రాలదు. లోపల ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. సన్నని తీగ ఉంటుంది. చిక్కని ద్రవం ఉంటుంది. నోట్లో పెట్టి పీల్చగానే తీగ వేడెక్కుతుంది. ఆ వేడికి ద్రవం పొగమంచులా మారుతుంది. దాన్ని ఊపిరితిత్తుల్లోకి పీలుస్తారు. కొన్ని వేప్‌లను సెల్‌ఫోన్ లాగే ఛార్జింగ్ పెట్టుకోవాలి. కొన్నింటిని అయిపోగానే పారేస్తారు.

"ఇది పొగ కాదు, ఆవిరే" అని పిల్లలు చెబుతారు. ఇడ్లీ కుండలో వచ్చేదీ ఆవిరే. కానీ అది నీటి ఆవిరి. వేప్‌లో వచ్చేది వేరు. అందులో రసాయనాలు ఉంటాయి. పండ్ల వాసన కోసం కలిపిన మందులు ఉంటాయి. వేడెక్కిన తీగ నుంచి రాలిన లోహపు నలుసులు కూడా ఉండవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, చాలా వేప్‌లలో నికోటిన్ ఉంటుంది.

వేప్‌ను 2003లో చైనాలో హోన్ లిక్ అనే మందుల నిపుణుడు తయారుచేశాడు. ఆయన విపరీతంగా సిగరెట్లు తాగేవాడు. సిగరెట్ మానడానికి ఒక దారి కావాలని దీన్ని చేశాడు. అంటే మొదట ఇది పెద్దవాళ్ల కోసం, అదీ సిగరెట్‌కు బానిసలైన వాళ్ల కోసం పుట్టింది. తరవాత అది సిగరెట్ ముఖం చూడని పిల్లల చేతుల్లోకి కూడా వెళ్లింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

నికోటిన్ మనకు కొత్తదా?

పేరు కొత్తగా ఉండవచ్చు. సరుకు మాత్రం పాతదే. నికోటిన్ పొగాకులో పుట్టే విషం.

ప్రకాశం జిల్లాలో పొగాకు కోతకు వెళ్లే కూలీలను అడగండి. తడి ఆకు కోసి, మోసిన రోజు తల తిరుగుతుంది. కడుపులో తిప్పుతుంది. వాంతి వస్తుంది. ఆకులో ఉన్న నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగడమే దానికి కారణం. రైతులు పొగాకు కషాయం కాచి చేలో పురుగుల మీద చల్లుతారు. పురుగును చంపేది ఆ నికోటినే. నిజామాబాద్, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే అక్కలకు పొగాకు దుమ్ము ఘాటు బాగా తెలుసు.

నికోటిన్‌కు ఇంకో గుణం ఉంది. పట్టుకుంటే వదలదు. శ్రీకాకుళం వైపు కొందరు ముసలమ్మలు నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. అంగిలి కాలుతుంది. అంగిట్లో పుండు పడుతుంది. అది కేన్సర్‌గా కూడా మారుతుంది. అయినా మానలేరు. "ప్రాణం లాగుతుంది తల్లీ" అంటారు. అలా లాగేది నికోటిన్.

నికోటిన్ పీల్చిన కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. అక్కడ కాసేపు హుషారు పుట్టిస్తుంది. ఆ హుషారు దిగగానే మెదడు మళ్లీ కావాలంటుంది. ఇవ్వకపోతే చిరాకు వస్తుంది. చదువు మీద ధ్యాస నిలవదు. నిద్ర సరిగా పట్టదు.

మనిషి మెదడు సుమారు 25 ఏళ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. పచ్చి ఇటుక మీద కాలు వేస్తే అడుగు ముద్ర పడుతుంది. కాలిన ఇటుక మీద అంత తేలిగ్గా పడదు. పిల్లల మెదడు పచ్చి ఇటుక లాంటిది. అందుకే చిన్న వయసులో నికోటిన్ అలవాటు త్వరగా పడుతుంది, గట్టిగా పడుతుంది.

వేప్ తాగితే సిగరెట్ ముడతారా?

ఇదే అసలు ప్రశ్న. దీనికి జవాబు వెతికిన లెక్కలు చాలావరకు అమెరికా దేశానివి. ఎందుకంటే వేప్‌లు అక్కడి పిల్లల్లో చాలా వేగంగా పాకాయి. ఆ అనుభవం మనకూ పనికొస్తుంది.

2015లో అమెరికాలో జూల్ అనే వేప్ బజారులోకి వచ్చింది. అచ్చం పెన్‌డ్రైవ్‌లా ఉండేది. పిల్లలు క్లాసు గదిలో పీల్చినా టీచర్లకు తెలిసేది కాదు. 2017లో అక్కడి హైస్కూల్ పిల్లల్లో 100 మందికి సుమారు 12 మంది వేప్ తాగేవాళ్లు. ఒక్క ఏడాదిలో, 2018 నాటికి, ఆ సంఖ్య 21కి చేరింది. 2019లో 27 దాటింది.

మరి ఆ పిల్లలు తరవాత ఏమయ్యారు?

అమెరికాలోని లాస్ ఏంజెలస్ నగరంలో 10 హైస్కూళ్లలో పరిశోధకులు ఒక పరిశీలన చేశారు. దాని వివరాలు 2015లో బయటికి వచ్చాయి. అందులో 2,530 మంది పిల్లలు ఉన్నారు. అందరూ తొమ్మిదో తరగతి వాళ్లు. అప్పటికి వాళ్లలో ఎవరూ సిగరెట్ గానీ, కాల్చే పొగాకు మరేదీ గానీ ముట్టలేదు. కానీ 222 మంది వేప్ రుచి చూశారు. ఆరు నెలలు ఆగి మళ్లీ అందరినీ అడిగారు.

వేప్ రుచి చూడని పిల్లల్లో 100కి 8 మంది ఏదో ఒక పొగాకు కాల్చారు. వేప్ రుచి చూసిన పిల్లల్లో 100కి సుమారు 31 మంది కాల్చారు.

ఒక్క ఊరి లెక్కతో తీర్పు చెప్పకూడదు. అందుకని 2017లో కొందరు పరిశోధకులు ఇలాంటివి 9 పరిశీలనలు కలిపి చూశారు. అందులో 17 వేలకు పైగా పిల్లలు, యువకులు ఉన్నారు. వాళ్ల వయసు 14 నుంచి 30 ఏళ్లు. జవాబు దాదాపు అదే వచ్చింది. వేప్ ముట్టని వాళ్లలో 100కి 8 మంది తరవాత సిగరెట్ మొదలుపెట్టారు. వేప్ ముట్టిన వాళ్లలో 100కి 30 మంది మొదలుపెట్టారు.

8 ఎక్కడ? 30 ఎక్కడ? పలక మీద రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూడండి.

ఇంకో సంగతి కూడా గమనించాలి. వేప్ ముట్టిన 100 మందిలో 70 మంది ఆ సమయానికి సిగరెట్ మొదలుపెట్టలేదు. అంటే వేప్ ముట్టిన ప్రతి పిల్లాడూ సిగరెట్‌కు పోతాడని కాదు. పోయే ప్రమాదం పెరుగుతుంది. దారి ఇంకా మూసుకుపోలేదు. ఆ పిల్లాడిని వెనక్కి తెచ్చుకోవచ్చు.

గొడుగూ, జ్వరమూ

ఇక్కడ తెలివైన అక్క ఎవరైనా ఒక మాట అడగవచ్చు.

"వానాకాలంలో గొడుగులు ఎక్కువ కనిపిస్తాయి. జ్వరాలూ ఎక్కువ కనిపిస్తాయి. అంతమాత్రాన గొడుగు వల్ల జ్వరం వచ్చిందంటామా? అలాగే దుడుకు పిల్లలు వేప్ కూడా తాగుతారు, సిగరెట్ కూడా తాగుతారు. సిగరెట్‌కు కారణం ఆ దుడుకుతనమే కావచ్చు కదా?"

ఇది మంచి ప్రశ్న. పరిశోధకులూ ఇదే ప్రశ్న వేసుకున్నారు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతున్నారా? స్నేహితులు తాగుతున్నారా? పిల్లాడిది దుడుకు స్వభావమా? ఇలాంటివన్నీ అడిగి లెక్కలో కలిపారు. ఒకే రకం ఇళ్లు, ఒకే రకం స్నేహాలు ఉన్న పిల్లలను పోల్చి చూశారు. అయినా తేడా పోలేదు. వేప్ ముట్టిన వాళ్లే ఎక్కువగా సిగరెట్‌కు వెళ్లారు.

2018లో అమెరికాలోని జాతీయ విజ్ఞాన అకాడమీలు ఈ పరిశోధనలన్నీ పరిశీలించాయి. వేప్ తాగిన యువత సిగరెట్ ముట్టే ప్రమాదం పెరుగుతుంది అనడానికి గట్టి ఆధారం ఉందని చెప్పాయి.

అయినా ఒక మనిషి మనసులో ఉన్నదంతా లెక్కకు అందదు. తేడాలో ఎంత భాగం వేప్ వల్ల, ఎంత భాగం స్వభావం వల్ల అన్న దాని మీద శాస్త్రవేత్తల్లో ఇప్పటికీ వాదన నడుస్తోంది.

చెరువు తగ్గినా లోతు పోదు

వాదన నడవడానికి ఇంకో కారణం ఉంది. 2011లో అమెరికా హైస్కూల్ పిల్లల్లో 100కి సుమారు 16 మంది సిగరెట్ తాగేవాళ్లు. 2024 నాటికి ఆ సంఖ్య 2కు లోపే పడిపోయింది. వేప్‌లు పెరిగిన కాలంలోనే సిగరెట్లు తగ్గాయి! 2019 తరవాత వేప్‌లు కూడా తగ్గుముఖం పట్టాయి. 2024లో అవి 100కి 8 మంది దగ్గర ఉన్నాయి.

"మరి వేప్ వల్ల సిగరెట్లు పెరగాలి కదా? తగ్గాయేమిటి?" అని అడగవచ్చు.

రెండూ నిజమే. అక్కడ సిగరెట్ మీద పన్నులు పెరిగాయి. ప్రచారాల మీద అదుపు వచ్చింది. 2019 డిసెంబరులో దేశమంతటా 21 ఏళ్ల లోపు వాళ్లకు పొగాకు అమ్మకూడదని చట్టం చేశారు. ఇలాంటి వాటితో దేశం మొత్తం మీద సిగరెట్ తగ్గింది. అలా తగ్గుతున్న రోజుల్లో కూడా, వేప్ ముట్టిన పిల్లాడికి సిగరెట్ ప్రమాదం ముట్టని పిల్లాడి కంటే ఎక్కువగానే కనిపించింది.

ఎండాకాలం ఊరి చెరువులో నీళ్లు తగ్గుతాయి. అయినా ఈత రాని బిడ్డను అందులోకి పంపం. చెరువు సంగతి వేరు. మన బిడ్డ సంగతి వేరు.

ఇంకో మాట. సిగరెట్ దాకా పోకపోయినా వేప్‌లోని నికోటిన్ పిల్లాడిని పట్టుకునే ఉంటుంది. అదొక్కటే చాలు, జాగ్రత్త పడడానికి.

వేప్ నుంచి సిగరెట్‌కు ఎలా పోతారు?

మొదటి మెట్టు తీపి. మొదటిసారి బీడీ పీల్చిన వాడు దగ్గుతాడు. కళ్లలో నీళ్లు వస్తాయి. గొంతు మండుతుంది. ఆ మంటే చాలామందిని ఆపుతుంది. వేప్‌లో ఆ మంట తెలియదు. మామిడి, స్ట్రాబెర్రీ, పుదీనా రుచులు దాన్ని కప్పేస్తాయి. చేపకు గాలం కనిపించకుండా ఎర గుచ్చినట్టే.

రెండో మెట్టు బానిసతనం. సరదాగా పీల్చినవాడికి కొన్నాళ్లకు అది లేకుండా తోచదు. నికోటిన్ కావాలని మెదడు పోరు పెడుతుంది.

మూడో మెట్టు చేతి అలవాటు. నోటి దగ్గర పెట్టడం, పీల్చడం, వదలడం చేతికీ నోటికీ అలవాటైపోతుంది. వాటితోపాటు భయం కూడా పోతుంది. "పొగ తాగడం తప్పు" అన్న బెరుకు మొదటి రోజున్నంత తరవాత ఉండదు.

నాలుగో మెట్టు తోడు. వేప్ తాగేవాళ్ల దగ్గరికి వేప్ తాగేవాళ్లే చేరతారు. వాళ్లలో ఒకడు సిగరెట్ కూడా తాగుతాడు. "ఒక్క దమ్ము లాగరా" అంటాడు.

ఐదో మెట్టు అవసరం. వేప్ ఖరీదు ఎక్కువ. మన దేశంలో దొంగచాటుగా కొనాలి. ఒకరోజు డబ్బు ఉండదు, లేదా సరుకు దొరకదు. మెదడు మాత్రం ఆగదు. ఎదురుగా బడ్డీకొట్టు ఉంటుంది. అక్కడ సిగరెట్ విడిగా దొరుకుతుంది. బీడీ ఇంకా చవక. రెండింటిలోనూ ఉన్నది అదే నికోటిన్. వాటితోపాటు తారు, బొగ్గు పొగ, కేన్సర్ తెచ్చే రసాయనాలు కూడా ఒంట్లోకి పోతాయి.

పిల్లాడు ఏ మెట్టు దగ్గరైనా ఆగవచ్చు. కింది మెట్టు మీద ఆపడం తేలిక. పైకి పోయేకొద్దీ కష్టం.

నిచ్చెన ఒకటే, మనుషులు వేరు

"వేప్ సిగరెట్ కంటే నయం అంటారు కదా?" అని పిల్లలు వాదిస్తారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎవరికి వర్తిస్తుందో చూడాలి.

ఇరవై ముప్పై ఏళ్లుగా సిగరెట్ కాల్చే పెద్దమనిషి ఉన్నాడనుకుందాం. అతను సిగరెట్ పూర్తిగా వదిలి వేప్‌కు మారితే అతని ఒంట్లోకి పోయే విషాలు తగ్గుతాయి. బ్రిటన్ లాంటి దేశాల్లో సిగరెట్ మానాలనుకునే పెద్దలకు ఆరోగ్యశాఖ వాళ్లే దీన్ని ఒక సాధనంగా చెబుతారు. అదే బ్రిటన్‌లో పిల్లలు వేప్‌కు అలవాటు పడుతున్నారని ఆందోళన పుట్టింది. 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని అక్కడ నిషేధించారు.

నిచ్చెన ఎక్కడానికీ పనికొస్తుంది, దిగడానికీ పనికొస్తుంది. అటక మీద ఉన్నవాడు దిగుతాడు. నేల మీద ఉన్న పిల్లాడు ఎక్కడికి దిగుతాడు? వాడికి అది ఎక్కడానికే. సిగరెట్ ముట్టని పిల్లాడికి వేప్ వల్ల ఒక్క లాభమూ లేదు.

ఈ సంగతి వ్యాపారులకు బాగా తెలుసు. 2018 డిసెంబరులో జూల్ కంపెనీలో మూడో వంతుకు పైగా వాటాను ఆల్ట్రియా అనే కంపెనీ కొన్నది. దానికి 1,280 కోట్ల డాలర్లు పెట్టింది. ఆల్ట్రియా ఎవరు? అమెరికాలో మార్ల్‌బరో సిగరెట్లు అమ్మే కంపెనీ. సిగరెట్ అమ్మేవాళ్లే వేప్‌లో డబ్బు పెట్టారు! 2023లో ఆ వాటాను వదులుకున్నారు. జూల్ కంపెనీ పిల్లలను ఆకర్షించేలా ప్రచారం చేసిందని అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆరోపించాయి. 2022లో ఆ కంపెనీ 30కి పైగా రాష్ట్రాలకు సుమారు 44 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

మన దేశంలో చట్టం

మన ప్రభుత్వం 2019 సెప్టెంబరు 18న ఒక ఆర్డినెన్సు తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో అది చట్టమైంది. దీని ప్రకారం మన దేశంలో వేప్‌లు తయారు చేయకూడదు. బయటి దేశాల నుంచి తేకూడదు. అమ్మకూడదు. పంచకూడదు. నిల్వ ఉంచకూడదు. ప్రచారం చేయకూడదు.

అమ్మి పట్టుబడితే మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా. సరుకు దాచిపెట్టినా శిక్ష ఉంది. ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

పొగాకు మీద ఇంకో చట్టం ఉంది. అది 2003లో వచ్చింది. 18 ఏళ్ల లోపు పిల్లలకు సిగరెట్, బీడీ, ఖైనీ ఏదీ అమ్మకూడదు. బడికీ, కాలేజీకీ 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదు. మీ ఊరి బడి గేటు దగ్గర నిలబడి ఒకసారి చుట్టూ చూడండి. 100 గజాల లోపు బడ్డీకొట్టు ఉందా?

చట్టం ఉన్నా వేప్‌లు దొంగచాటుగా వస్తూనే ఉన్నాయి. కొందరు ఫోన్‌లో తెప్పించుకుంటారు. పట్నం కాలేజీల్లో స్నేహితుల ద్వారా చేతులు మారతాయి. చదువు కోసం పట్నం పంపిన పిల్లల చేతికి అలా అందుతాయి. ఆడపిల్లలూ దీనికి మినహాయింపు కాదు. వాసన రాదు కాబట్టి ఇంట్లో తెలియదన్న ధైర్యం వాళ్లకూ ఉంటుంది.

మన ఇళ్లలో పొగాకు ముందే ఉంది. 2016-17లో దేశమంతటా జరిగిన సర్వే ప్రకారం, 15 ఏళ్లు దాటిన వాళ్లలో 100కి 28 మందికి పైగా ఏదో ఒక పొగాకు వాడుతున్నారు. 2019లో బడి పిల్లలను అడిగితే, 13 నుంచి 15 ఏళ్ల వాళ్లలో 100కి 8 మందికి పైగా పొగాకు వాడుతున్నట్టు తేలింది. వేప్ పట్టిన పిల్లాడికి తరవాతి మెట్టు వెతుక్కోవడం కష్టం కాదు. నాన్న జేబులోనే బీడీ కట్ట ఉంటుంది.

తల్లి ఏం చేయాలి?

ముందు గుర్తుపట్టాలి. పెన్నులా, పెన్‌డ్రైవ్‌లా, చిన్న రంగు డబ్బాలా ఉండి, ఒక చివర పీల్చే రంధ్రం ఉందా? పిల్లాడి దగ్గర పూట పూటకూ పండ్ల వాసన, పుదీనా వాసన వస్తోందా? గొంతు ఆరిపోతోందా? పొడి దగ్గు ఉందా? ఊరికే చిరాకు పడుతున్నాడా? డబ్బు లెక్క చెప్పడం లేదా? ఒక్క గుర్తు చూసి దొంగ అనవద్దు. నాలుగూ కలిస్తే కూర్చోబెట్టి అడగాలి.

కొట్టవద్దు. నలుగురిలో పరువు తీయవద్దు. తిట్టిన పిల్లాడు మానడు, దాచడం నేర్చుకుంటాడు. ఒంటరిగా ఉన్నప్పుడు, పని తొందర లేనప్పుడు మాట్లాడాలి. "ఇది ఎవరిచ్చారు? ఎన్నాళ్లుగా తాగుతున్నావు? లేకపోతే ఉండలేకపోతున్నావా?" అని మెల్లగా అడగాలి. వాడు చెప్పేది పూర్తిగా వినాలి. ఆ తరవాత 8కీ 30కీ ఉన్న తేడా చెప్పాలి. నిచ్చెన మాట చెప్పాలి.

ఇంట్లో పెద్దవాళ్లు కూడా మారాలి. బీడీ నోట్లో పెట్టుకుని "నువ్వు తాగొద్దురా" అంటే ఏ పిల్లాడూ వినడు. తండ్రీ కొడుకూ కలిసి మానితే ఇంకా మంచిది.

మానిన మొదటి రోజుల్లో పిల్లాడికి చిరాకు, కోపం, నిద్రలేమి ఉంటాయి. నికోటిన్ వదిలేటప్పుడు ఇలా ఉంటుంది. అప్పుడు తోడుగా ఉండాలి. రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. తగ్గకపోతే ఆసుపత్రిలో డాక్టరును అడగాలి. పొగాకు మానడానికి సాయం చేసే ఫోన్ నంబరు కూడా ఉంది: 1800-11-2356. దీనికి డబ్బు పడదు. సిగరెట్ పెట్టె మీద ఈ నంబరు ఉంటుంది. అక్షరాలు, అంకెలు వచ్చిన చేతికి ఆ పెట్టె దొరికితే చదివి చూడండి.

ఇంట్లో చంటిపిల్లలు ఉంటే ఇంకో జాగ్రత్త. వేప్‌లోని ద్రవం తీపి వాసన వేస్తుంది. పసిబిడ్డ దాన్ని మింగితే ప్రాణానికే ముప్పు. పొరపాటున మింగితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఊళ్లో ఎవరైనా వేప్‌లు అమ్ముతుంటే ఒక్కరే పోయి గొడవ పడనక్కరలేదు. సంఘంలో చెప్పండి. బడి హెడ్మాస్టరుకు చెప్పండి. అందరూ కలిసి పోలీసు స్టేషనులో కాగితం రాసి ఇవ్వండి. 2019 చట్టం పేరు ఆ కాగితంలో రాయండి.

ఆ తల్లి దగ్గరికి మళ్లీ వద్దాం

బట్టలు ఉతికిన తల్లి ఆ సాయంత్రం చదువు కేంద్రానికి వచ్చింది. ఇదే పాఠం చదివింది. "వేలెడంత, నున్నగా, మామిడిపండు వాసన" అన్న మాటల దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. మళ్లీ ఒకసారి చదువుకుంది. ఎవరితోనూ ఏమీ అనలేదు. ఇంటికి పోయింది.

కొడుకుకు అన్నం పెట్టింది. వాడు తినేదాకా ఆగింది. తరవాత పుస్తకం తెచ్చి వాడి ముందు పెట్టింది.

"నాకు చదవడం వచ్చిందిరా అబ్బాయ్. కానీ ఈ పాఠం నువ్వే పైకి చదువు. నేను వింటా" అంది.

వాడు రెండు వాక్యాలు చదివి తల వంచుకున్నాడు. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తరవాత జేబులోంచి దాన్ని తీసి తల్లి చేతిలో పెట్టాడు.

"నువ్వు తిడతావని చెప్పలేదమ్మా" అన్నాడు.

"ఎన్నాళ్లయిందిరా?" అని అడిగింది తల్లి. ఆ రాత్రి వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

కొత్త మాటలు

నికోటిన్: పొగాకులో ఉండే విషం. అలవాటు చేసి వదలనివ్వదు.
ఆర్డినెన్సు: పార్లమెంటు సమావేశాలు లేనప్పుడు ప్రభుత్వం తెచ్చే అత్యవసర చట్టం.
సర్వే: చాలామందిని అడిగి లెక్క తీయడం.

కలిసి మాట్లాడుకోండి

1. వేప్ నుంచి వచ్చేదానికీ, ఇడ్లీ కుండ ఆవిరికీ తేడా ఏమిటి?
2. వేప్ ముట్టని వాళ్లలో 100కి ఎంతమంది సిగరెట్ మొదలుపెట్టారు? ముట్టిన వాళ్లలో ఎంతమంది? తేడా ఎంత? లెక్క వేయండి.
3. సిగరెట్ తాగే పెద్దమనిషికీ, ఏ అలవాటూ లేని పిల్లాడికీ వేప్ విషయంలో తేడా ఏమిటి?
4. మీ ఊరి బడికి 100 గజాల లోపు పొగాకు అమ్ముతున్నారా? అమ్ముతుంటే ఏం చేద్దాం?
5. మీరే ఆ తల్లి అయితే కొడుకును మొదట ఏమని అడుగుతారు? ఒక వాక్యం రాయండి.